పగిలిన బకెట్టూ, హాజరు పట్టీ

లోకంలో పెన్షను పుచ్చుకొనే మాస్టర్లకు రెండే ఉద్యోగాలు మిగులుతాయి. ఒకటి, పొద్దున్నే పత్రిక మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా చదివి, దేశం పాడైపోయిందని ఇంటిల్లిపాదికీ ప్రకటించటం. రెండవది, మనమల్ని బడినుంచో, ట్యూషనునుంచో, ఆటస్థలంనుంచో ఇంటికి తోలుకురావటం. మొదటి ఉద్యోగం నేను స్వయంగా సంపాదించుకున్నది. రెండవది మా కోడలు వేయించింది.

బెజవాడలో ముప్ఫయి ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పి 2012లో రిటైరయ్యాను. మా అబ్బాయి రైల్వేలో పని. వాడికి నాగపూరు బదిలీ అయినప్పుడు, "ఒక్కరూ అక్కడుండి ఏం చేస్తారు మామయ్యగారూ, మాతో వచ్చెయ్యండి" అంది కోడలు. జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చేశాను. నాగపూరు ఎండ మన బెజవాడ ఎండకు అన్నగారని వచ్చిన తరువాత తెలిసింది. అయినా నారింజ పళ్ళు దొరికే వూరు, తెలుగు మాట చెవిని పడే వూరు. రోజులు బాగానే గడుస్తున్నాయి.

ఒకనాటి సాయంకాలం కోడలు కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది. అలా నిలబడిందంటే ఏదో అర్జీ వున్నదన్నమాట.

"మామయ్యగారూ, మీ మనవడు రోజూ అయిదింటికి రైలుకట్ట అవతలి మైదానానికి పోతున్నాడు. అక్కడ ఆడేవాళ్ళంతా ఆ గుడిసెల పిల్లలు. బళ్ళోకి పోయేవాడొకడూ, పోనివాడు ఇద్దరూను. మొన్న నేను స్కూటరుమీద వస్తూ చూశాను. వీళ్ళంతా గుండ్రంగా నిలబడి ఒకరిమీద ఒకరు అరుచుకుంటున్నారు. రేపు కొట్టుకుంటారు. ఆ సావాసం నాకేమీ బాగా లేదు. మీరు వెళ్ళి వాణ్ణి చెయ్యిపట్టుకు తీసుకురండి."

మా మనవడికి పధ్నాలుగేళ్ళు. నాకంటే నాలుగంగుళాలు పొడుగు. చెయ్యిపట్టుకు తీసుకురావటం మాట అలా వుంచి, పక్కన నడిచి రమ్మన్నా అవమానంగా భావించే వయస్సు. అయినా కోడలి ఆజ్ఞ. చెప్పులు తొడుక్కుని బయలుదేరాను.

మైదానమంటే పెద్ద మైదానమేమీ కాదు. ఒక పక్క రైలుకట్ట, మరొక పక్క రేకుల ఇళ్ళు, మధ్యన గడ్డి మొలవని ఎర్రనేల. ఇటుకలు రెండేసి పెట్టి గోలు స్తంభాలన్నారు. ఇరవైమందిదాకా పిల్లలు, పదేళ్ళనుంచి పదిహేడేళ్ళవాళ్ళు, గుండ్రంగా నిలబడి వాదించుకుంటున్నారు. అందులో ఆరేడుగురు ఆడపిల్లలు. సగంమందికి కాళ్ళకు బూట్లు లేవు. మా మనవడు వాళ్ళ మధ్యన, బూట్లు చెట్టుకింద విప్పేసి, వట్టికాళ్ళతో నిలబడి వున్నాడు.

"ఎందుకు పోట్లాడుకుంటున్నారు?" అని పక్కన నిలబడ్డ యువకుణ్ణి అడిగాను. చిన్నప్పుడు దక్షిణ భారత హిందీ ప్రచార సభవారి పరీక్షలు ప్యాసయినవాణ్ణి. నా హిందీ వ్యాకరణం నిర్దుష్టంగా వుంటుంది గాని, విన్నవాళ్ళు నవ్వాపుకుంటారు. అతనూ ఆపుకున్నాడు.

"పోట్లాట కాదు ఆజోబా, ఆట మొదలయింది" అన్నాడు. ఆజోబా అంటే మరాఠీలో తాతయ్య.

"బంతి అక్కడ పడివుంటే ఆట మొదలవటమేమిటి?"

"ఇది మొదటి భాగం. మాకు మూడు భాగాలు."

పాఠకులకు వున్న అనుమానమే నాకూ కలిగింది. ఫుట్‌బాల్‌కు రెండు భాగాలే గదా! అతను నెమ్మదిగా చెప్పాడు. మొదటి భాగంలో రెండు జట్లవాళ్ళూ కూర్చుని ఆనాటి నియమాలు తామే నిర్ణయించుకుంటారు: తోస్తే ఏమిటి, తిడితే ఏమిటి, ఆడపిల్ల వేసిన గోలుకు లెక్క ఎంత, ఎవరైనా పడిపోతే ఆట ఆపాలా వద్దా. రెండవ భాగంలో ఆట. రిఫరీ వుండడు. తప్పు చేసినవాడు తానే చెయ్యి ఎత్తి ఒప్పుకోవాలి. మూడవ భాగంలో మళ్ళీ గుండ్రంగా చేరి, నియమాలు నిలబెట్టుకున్నారా లేదా అని తేల్చుకుంటారు. గోళ్ళకు కొన్ని మార్కులు, మర్యాదకు కొన్ని మార్కులు. గోళ్ళలో గెలిచి మర్యాదలో ఓడితే మొత్తంమీద ఓడిపోయినా ఓడిపోవచ్చు.

బళ్ళో ఇన్నేళ్ళు బెత్తం పట్టుకు తిరిగినవాణ్ణి. బెత్తం లేని బడి ఎలా నడుస్తుందో చూద్దామని చెట్టుకింద కూర్చున్నాను. మనవణ్ణి తీసుకుపోవలసిన సంగతి మరిచిపోయాను.

* * *

ఆ యువకుడికి ఇరవయ్యారేళ్ళు. పగలు పార్సెళ్ళు బట్వాడా చేసే ఉద్యోగం. సాయంకాలం మైదానం. అతనూ అటువంటి రేకుల ఇంట్లో పుట్టినవాడే. ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఈ ఆట అని అడిగితే ఒక బకెట్టు కథ చెప్పాడు. నాగపూరులో ఆ కథ తెలియనివాళ్ళు తక్కువ.

2001లో వాన కురుస్తున్న ఒక రోజున, హిస్లాప్ కాలేజీలో వ్యాయామ విద్య చెప్పే విజయ్ బార్సే అనే మాస్టరుగారు దారిలో ఆగి ఒక దృశ్యం చూశారు. మురికివాడ పిల్లలు కొందరు పగిలిన బకెట్టును తన్నుతూ, బురదలో ఒళ్ళు మరిచి ఆడుతున్నారు. ఆ దారిన పోయిన పెద్దమనుషులు ఇంకా ఎందరో వుంటారు. వాళ్ళకు బురద కనిపించి వుంటుంది. బార్సేగారికి మాత్రం, ఆడుతున్నంతసేపూ ఈ పిల్లలు మరే చెడ్డ అలవాటు జోలికీ పోవటం లేదన్న సంగతి కనిపించింది. ఒక బంతి తెచ్చి వాళ్ళకిచ్చారు. అక్కడితో ఆగలేదు. మురికివాడల పిల్లలకోసమని నాగపూరులో పందేలు పెడితే, మొదటిసారే 128 జట్లు వచ్చాయట! నగరంలో ఇంతమంది ఆడదామని ఎదురుచూస్తున్నారనీ, పిలిచినవాళ్ళే లేరనీ అప్పుడు తెలిసింది.

అదే క్రమంగా 'స్లమ్ సాకర్' అనే సంస్థ అయింది. తరువాత ఆయన కుమారుడు అభిజీత్ బార్సే కూడా ఆ పనిలోనే చేరారు. 2016లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫీఫా తన వైవిధ్య పురస్కారాన్ని ఈ సంస్థకే ఇచ్చింది. బార్సేగారి జీవితం ఆధారంగా నాగరాజ్ మంజులే తీసిన 'ఝుండ్' చిత్రం 2022లో విడుదలయింది. మాస్టరు వేషం అమితాబ్ బచ్చన్‌ది. వ్యాయామం మాస్టరు కథకు అంతటి నటుడు వేషం కట్టాడంటే, సాటి మాస్టరుగా నాకు కొంచెం గర్వం కలిగిన మాట దాచను.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు" అన్నాను. "ఒక్క బంతి ఇస్తే చెడిపోయేవాడు బాగుపడతాడా?"

అతను వెంటనే జవాబు చెప్పలేదు. ఆట ముగిసి, మూడవ భాగం కూడా అయిపోయి, పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ప్రతివాణ్ణీ పేరు పెట్టి పిలిచి, "రేపు వస్తావా?" అని అడుగుతున్నాడు. వాడు "వస్తాను" అనేదాకా వదలటం లేదు. చివరివాడు కూడా వెళ్ళిన తరువాత నావైపు తిరిగాడు.

"బంతి ఎవరైనా ఇస్తారు ఆజోబా. పండగ వస్తే బట్టలిచ్చేవాళ్ళున్నారు, పుట్టినరోజులకు పళ్ళు పంచి ఫొటో తీయించుకునేవాళ్ళున్నారు. రేపు వస్తావా అని అడిగేవాళ్ళే వీళ్ళకి లేరు. ఆ మాట అడిగేవాళ్ళు మా వాడలో ఇంకొకరున్నారు. వాళ్ళు సారా దుకాణం వెనక వుంటారు. ఎవరు ముందు అడిగితే కుర్రాడు వాళ్ళవాడు."

* * *

ఈ మూడు భాగాల ఆట ఎక్కడ పుట్టిందో తెలుసుకుందామని ఇంటికి వచ్చి పుస్తకాలూ పత్రికలూ తిరగవేశాను. మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది!

దక్షిణ అమెరికాలో కొలంబియా అనే దేశం వుంది. అందులో మెడెలిన్ అనే నగరం. మత్తుమందుల ముఠాల పోరాటాలతో 1991లో ఆ ఒక్క నగరంలోనే ఆరువేలకు పైగా హత్యలు జరిగాయి. చంపినవాళ్ళలోనూ, చచ్చినవాళ్ళలోనూ ఎక్కువమంది మీసాలు సరిగా రాని కుర్రవాళ్ళే. 1994 ప్రపంచ కప్పు పోటీల్లో కొలంబియా ఆటగాడు ఆండ్రెస్ ఎస్కోబార్ పొరపాటున బంతిని తమ గోలులోకే తన్నాడు. జట్టు ఓడింది. ఇంటికి తిరిగి వచ్చిన కొద్దిరోజులకే, జూలై 2న, మెడెలిన్‌లో అతన్ని కాల్చి చంపారు.

అప్పట్లో ఆ నగరంలో చదువుకుంటున్న యూర్గెన్ గ్రీస్‌బెక్ అనే జర్మనీ యువకుణ్ణి ఆ హత్య కలచివేసింది. ఏ ఆట పేరున తుపాకి పేలిందో, ఆ ఆటతోనే తుపాకి దింపించాలనుకున్నాడు. 'శాంతికోసం ఫుట్‌బాల్' అనే ఉద్యమం మొదలుపెట్టాడు. పోట్లాడుకునే పేటల కుర్రవాళ్ళను ఒక చోట చేర్చి ఆడించాడు. రిఫరీ లేడు. ఒక విచిత్రమైన నియమం మాత్రం పెట్టాడు. జట్టులో ఆడపిల్లలు వుండి తీరాలి, మొదటి గోలు ఆడపిల్లే వెయ్యాలి! మగరాయుళ్ళు ఎంత మొనగాళ్ళయినా, ముందు బంతిని ఆ అమ్మాయికి అందించాలి. అందించాలంటే ఆమెతో మర్యాదగా మాట్లాడాలి. మర్యాదగా మాట్లాడటం ఒకసారి అలవాటయితే, కత్తి తియ్యటానికి చెయ్యి కొంచెం తడబడుతుంది. సూక్ష్మంగా చెప్పాలంటే ఇందులో వున్న కిటుకు అదే. ఆ పద్ధతి తరువాత ఎన్నో దేశాలకు పాకింది. మన నాగపూరు సంస్థ కూడా దాన్ని అందిపుచ్చుకుంది.

నాగపూరు మైదానాల్లో తేలినవాళ్ళలో అఖిలేష్ పాల్ అనే ఆయన కథ అందరికీ తెలిసినది. మురికివాడలో పెరిగి, మత్తుకూ కొట్లాటలకూ అలవాటుపడి, పోలీసులకు దొరక్కుండా తిరిగిన తన చిన్నతనాన్ని 2014లో 'సత్యమేవ జయతే' టెలివిజన్ కార్యక్రమంలో ఆయనే దేశానికంతకూ చెప్పుకున్నాడు. అటువంటివాడు 2010లో బ్రెజిల్ దేశపు రియో నగరంలో జరిగిన నిరాశ్రయుల ప్రపంచ కప్పు పోటీల్లో భారత జట్టుకు నాయకుడు. ఆ తరువాత తనవంటి పిల్లలకు ఆట నేర్పే గురువయ్యాడు.

ఆ నిరాశ్రయుల ప్రపంచ కప్పు అన్నది 2003లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో 18 జట్లతో మొదలయింది. పక్షానికి నలుగురు, సగానికి ఏడేసి నిమిషాలు. అందులో ఒక నియమం నాకు చాలా నచ్చింది. ఏ ఆటగాడయినా జీవితంలో ఒక్కసారే పాల్గొనాలి. మరుసటి సంవత్సరం ఆ చోటు మరొకడిది. అంటే, ఇది ఎక్కి కూర్చునే సింహాసనం కాదు, దాటిపోయే వంతెన అన్నమాట.

* * *

ఇవన్నీ కోడలికి చెప్పాను. శ్రద్ధగా విని, "అన్నీ బాగానే వున్నాయి మామయ్యగారూ. కాని మనవాడు వాళ్ళదగ్గర ఏం నేర్చుకుంటాడు?" అంది. తల్లి అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు నేను చెప్పలేదు. వారం తిరక్కుండా మావాడే చెప్పాడు.

ఆ రోజున మావాడు ఒక గోలు వేశాడు. బంతి చేతికి తగిలింది. చెట్టుకింద కూర్చున్న నాకే కనిపించింది. నియమం ప్రకారం చెయ్యి ఎత్తాలి. ఎత్తలేదు. మూడవ భాగంలో అందరూ గుండ్రంగా చేరినప్పుడు ఎదుటి జట్టులోని కుర్రవాడొకడు లేచాడు. పదిహేనేళ్ళుంటాయి. తండ్రి పాత ఇనప సామాన్ల బండి తోస్తాడు. వీడు ఏడవ తరగతితో బడి మానేశాడు. లేచి, కోపం లేకుండా అన్నాడు:

"గోలు నువ్వు వేశావు. అది నీదే వుంచుకో. మర్యాద మార్కు మాత్రం నీది కాదు. నువ్వే చెప్పు, అవునా కాదా?"

మావాడి ముఖం కందగడ్డ అయింది. ఇరవైమందీ ఎదురుచూస్తున్నారు. ఎవ్వరూ అరవలేదు. అరిచినా బాగుండేది, ఎదురు అరవటానికి వీలుండేది. చాలాసేపటికి మావాడు చెయ్యి ఎత్తాడు. జట్టు ఒక్క మార్కుతో ఓడిపోయింది.

దారిలో నాతో మాట్లాడలేదు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, తల్లికి తానే చెప్పేశాడు. కోడలు గరిట పట్టుకు అలాగే నిలబడిపోయింది. వాళ్ళ సావాసంతో మనవాడు అబద్ధాలు నేర్చుకుంటాడని ఆమె భయం. తీరా చూస్తే, ఇంగ్లీషు బడిలో నెలకు వేలు పోసి చదివిస్తున్న మనవాడు ఆడిన అబద్ధాన్ని, బడి మానేసినవాడు పట్టుకున్నాడు!

"ఆ అబ్బాయిని ఆదివారంనాడు ఒకసారి ఇంటికి రమ్మను" అంది కాస్సేపటికి. ఆదివారం వాడు వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విప్పి, లోపలికి రమ్మన్నదాకా అక్కడే నిలబడ్డాడు. చెగోడీలు పెడితే రెండు తిని, రెండు జేబులో వేసుకున్నాడు. చెల్లెలికట. మిగతావి కోడలు పొట్లం కట్టి ఇచ్చింది.

* * *

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే, మైదానంలో చెయ్యి ఎత్తనివాడికీ నాకూ తేడా వుండదు.

1994లో నేను బెజవాడలో ఒక బళ్ళో తొమ్మిదవ తరగతికి క్లాసు మాస్టర్ని. రైవస్ కాలువ గట్టున గుడిసెలోనుంచి వచ్చే కుర్రవాడొకడు నా క్లాసులో వుండేవాడు. నోటిలెక్కల్లో వాణ్ణి మించినవాడు లేడు. చక్రవడ్డీ వేళ్ళమీద కట్టేవాడు. ఆ సంవత్సరం శీతాకాలంలో రావటం మానేశాడు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. నెల రోజులు వరసగా రాకపోతే పేరు కొట్టివెయ్యటం ఆనాడు మా బళ్ళో వాడుక. ముప్ఫయి రోజులు నిండిన నాడు ఎర్ర సిరా కలం తీసి, హాజరు పట్టీలో వాడి పేరుమీద గీత గీశాను. స్కేలు పెట్టి, వంకర లేకుండా గీశాను. కాలువగట్టు మా బడికి పది నిమిషాల నడక. ఆ ముప్ఫయి రోజుల్లో ఒక్కనాడూ వెళ్ళలేదు.

రెండేళ్ళ తరువాత మా మామగారిని రైలెక్కించటానికి స్టేషనుకు వెళ్ళాను. ఒక కానిస్టేబులు నలుగురు కుర్రాళ్ళను వరసగా నడిపించుకుపోతున్నాడు. అందులో ఒకడు నన్ను చూసి ఆగి, చేతులు జోడించి, "నమస్కారం మాస్టారూ" అన్నాడు. వాడే. పక్కన మా మామగారు, తెలిసిన పెద్దమనుషులు. నేను విననట్టు తల తిప్పుకున్నాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి జనంలో కలిసిపోయారు. ఆ తరువాత వాడేమయ్యాడో నేను కనుక్కోలేదు.

అప్పట్లో దారులు లేకపోలేదు. రైల్వే స్టేషన్లలో దిగబడ్డ పిల్లల్ని చేరదీసే నవజీవన్ బాలభవన్ మా బెజవాడలోనే 1989నుంచి వుంది. ఆపదలో వున్న పిల్లలకోసం 1098 అనే టెలిఫోను నంబరు 1996లో బొంబాయిలో మొదలయి, తరువాత దేశమంతటికీ వచ్చింది. ఈనాడూ పనిచేస్తోంది. ఆరునుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలకు చదువు హక్కన్న చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఎనిమిదవ తరగతి ముగిసేదాకా పిల్లవాణ్ణి బడినుంచి తీసివెయ్యరాదని అందులో రాశారు. ఇన్ని ఏర్పాట్లు జరిగినా, అవి పిల్లవాడి గుమ్మందాకా వాటంతట అవే నడిచి రావు. ఎవరో ఒకరు చెప్పులు తొడుక్కుని బయలుదేరాలి. ఆనాడు బయలుదేరవలసినవాణ్ణి నేను.

* * *

మైదానం కుర్రవాడికి ఈ కథ చెప్పాను. ఏమీ అనలేదు. మరునాడు ఒక నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "మీకు అలవాటయిన పనే గదా ఆజోబా. పేర్లు మీరు రాయండి. నాకు ఆట చూసుకోవటమే సరిపోతోంది" అన్నాడు.

అలా, పన్నెండేళ్ళకు పైబడిన విశ్రాంతి తరువాత మళ్ళీ హాజరు పట్టీ నా చేతికి వచ్చింది. ఇరవైమూడు పేర్లు. నియమం ఒక్కటే. మూడు రోజులు వరసగా రానివాడి ఇంటికి నాలుగవ రోజున వెళ్ళాలి. తిట్టటానికి కాదు. నువ్వు రాకపోవటం మేము చూశాము అని చెప్పటానికి.

మొదట వెళ్ళవలసి వచ్చింది ఎవరింటికనుకున్నారు? చెగోడీలు జేబులో వేసుకున్నవాడి ఇంటికే. తండ్రికి నడుము పట్టేసి మంచంలో వున్నాడు. బండి వీడే తోస్తున్నాడు. పొద్దున ఎనిమిదింటికి బయలుదేరితే రాత్రి ఎనిమిదవుతుంది. నన్ను చూసి వాళ్ళమ్మ కంగారుపడి, "వీడేమైనా చేశాడా?" అని అడిగింది. వాళ్ళింటికి పెద్దమనిషి రావటమంటే ఏదో నేరం జరిగినట్టే లెక్క! ఏమీ చెయ్యలేదమ్మా, మూడు రోజులనుంచి రాలేదు, చూసిపోదామని వచ్చాను అన్నాను. ఆమెకు అర్థం కావటానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయిన తరువాత లోపలికి వెళ్ళి టీ పెట్టింది.

ఆట మానమని అనలేం, బండి మానమనీ అనలేం. మైదానం కుర్రవాడు పొద్దున ఆరింటికి కూడా ఒక గంట ఆట పెట్టాడు. బండి తోసే పిల్లలు, టీ దుకాణాల్లో పనిచేసే పిల్లలు మరి నలుగురు దానికి వచ్చారు. అంతకుముందు వాళ్ళు రాకపోవటానికి కారణం ఇష్టం లేక కాదు, వేళ కుదరక. ఇంత చిన్న సంగతి మనకు తట్టటానికి వాళ్ళ ఇళ్ళదాకా వెళ్ళవలసి వచ్చింది.

చదువు సంగతి నా వంతు. బడికి పోకుండానే పదవ తరగతి పరీక్ష రాయటానికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ వుంది. 1989లో కేంద్ర ప్రభుత్వం పెట్టినది. పధ్నాలుగేళ్ళు నిండితే చాలు. అందులో వున్న గొప్ప సదుపాయం, అన్నీ ఒకేసారి ప్యాసు కానక్కరలేదు. ప్యాసయిన సబ్జెక్టు నీ ఖాతాలో జమ. మిగిలినవి అయిదేళ్ళలో తొమ్మిదిసార్లదాకా రాసుకోవచ్చు. బండి తోసేవాడికి ఇంతకంటె కావలసినదేముంది? ఫారాలు నింపాం. ఆదివారాలు మా వరండాలో నేను లెక్కలు, కోడలు ఇంగ్లీషు. మా మనవడు సైన్సు చెబుతానని బయలుదేరి, చెప్పబోయి తానే నేర్చుకుంటున్నాడు. వాడు ఇప్పటికి మూడు సబ్జెక్టులు ప్యాసయ్యాడు. రెండు మిగిలాయి. ఇంగ్లీషు రెండుసార్లు పోయింది. మా కోడలు అది తన ఓటమిగా భావించి పట్టుదలమీద వుంది.

అన్నీ ఇలాగే సుఖాంతమవుతాయని చెబితే మర్యాద మార్కు పోతుంది. ఇరవైమూడింటిలో ఇద్దరు వెళ్ళిపోయారు. ఒకడు సూరతులో పనికి పోయాడు. రెండవవాణ్ణి సారా దుకాణం వెనకవాళ్ళు మాకంటే ముందు అడిగారు. వాడింటికి ఆరుసార్లు వెళ్ళాను. ఆరుసార్లూ ఇంట్లో లేడు. ఏడవసారి వెళ్తాను.

పొరుగింటి ఆడిటరుగారు, "మాస్టారూ, బంతాట ఆడితే వాళ్ళ దరిద్రం పోతుందా?" అని అడుగుతూ వుంటారు. పోదు. దరిద్రం పోవటానికి కూలి కావాలి, ఇల్లు కావాలి, ఆసుపత్రి కావాలి. అవి ప్రభుత్వాలు చెయ్యవలసినవి. చెయ్యమని మనం అడగవలసినవి. కాని పదిహేనేళ్ళ కుర్రవాడు అవన్నీ వచ్చేదాకా పదిహేనేళ్ళవాడుగానే ఆగి వుండడు. వాడికి ఈ సాయంకాలం అయిదింటికి పోవటానికి ఒక చోటు కావాలి. అక్కడ తన పేరు తెలిసినవాడు ఒకడు కావాలి. చేసిన తప్పు ఒప్పుకుంటే తన్నకుండా మళ్ళీ ఆటలోకి రానిచ్చేవాళ్ళు కావాలి. ఇవి ఇవ్వటానికి చందాల పుస్తకం అక్కరలేదు, శంకుస్థాపన అక్కరలేదు.

సోదర సోదరీమణులారా, మీ వూళ్ళోనూ రైలుకట్ట వుంటుంది, కట్ట అవతల పేట వుంటుంది. సాయంకాలాలు వృథాగా గడిపే పెన్షనరు మీ ఇంట్లోనూ ఒకరు వుండే వుంటారు. వారి చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చి పంపించండి. ఆట రానక్కరలేదు. నాకూ రాదు.

కోడలు గడియారంవైపు చూపిస్తోంది. అయిదు కావస్తోంది. మనవడు బయట నిలబడి, "తాతయ్యా, ఎంతసేపూ?" అని విసుక్కుంటున్నాడు. వెంటనే లేవకపోతే ప్రమాదం. ఆ పట్టీలో ఇరవైనాలుగవ పేరు నాదే. పిల్లలే రాయించారు. మూడు రోజులు వెళ్ళకపోతే నాలుగవనాడు అందరూ కట్టకట్టుకుని మా ఇంటికి వస్తారు.